దాదా రాతకట్ట

దగ్గరగా జరిగి కూర్చోండి, సౌదీలో జుబైల్ కూలీల క్యాంపులో మాతో ఉన్న బెంగాలీ దాదా సంగతి చెబుతాను. ఢాకాలో ఆయన నవలలు అచ్చయ్యాయట. క్యాంపులో మాత్రం పగలు వెల్డింగు, సాయంత్రం రాత. వంటవాణ్ణి నేను, అన్నానికి పిలిస్తే వేలు పైకెత్తి "ఏక్ లైన్ బాకీ హై" అనేవాడు.

గల్ఫ్ యుద్ధం రోజుల్లో ఓ రాత్రి సైరన్ మోగింది. విషవాయువు వస్తుందని తలుపులు బిగించాం. ఏసీ చుట్టూ సందు మిగిలిపోయింది. దాన్ని మూయడానికి మా గదిలోని జగిత్యాల లచ్చన్న, దాదా చేతిలోంచి రాతకట్ట లాక్కున్నాడు.

"అది ఆయన నవల రా!" అన్నాను.

"బతికితే మల్ల రాస్కుంటడు తియ్ కాకా! నువ్వు మైదా కలుపు."

దాదా కట్టను మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. ఒక్కో కాగితం పెదవులు కదుపుతూ చదువుకుని ఇచ్చాడు. నేను జిగురు రాసి అంటించాను. గండం గడిచాక ఊడదీస్తే సిరా అంతా కరిగిపోయి ఉంది. దాదా తెల్లకాగితం తీసి మొదటినుంచీ మొదలుపెట్టాడు.

మళ్ళీ సైరన్ మోగినప్పుడు లచ్చన్న ఆ కొత్త కట్టను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఇంటికి తీసుకుపోదామని కొన్న మెత్తటి దుప్పటిని తానే చింపి నావైపు విసిరాడు.

"ఇది తడిపి సందుల కుక్కు కాకా. ఈ కాయితాలు ముట్టిన్రంటే మంచిగుండది!"

మీ ఇల్లు చల్లగా ఉండాలి, మీ పిల్లలు రాసింది పదికాలాలు నిలవాలి.