ఐదు లెక్కపెట్టేలోగా

మదనపల్లెలో ఏటీఎం ముందర ఎప్పుడు నిలబడినా వెనకాల మనిషి నా మెడమీదే ఊపిరి వదులుతాడు. లోకంలో ఇంత ఖాళీ ఉండగా ఆయనకు నా వీపే ఎందుకు నచ్చుతుందో తెలీదు. మొన్న అట్లా ఆనుకున్నాయన కాళ్లకు కొత్త రబ్బరు చెప్పులు. ఆ వాసన తగలగానే నా లోపల ఎవరో ఒకటి, రెండు అని లెక్క మొదలుపెట్టారు, ఐదయ్యేలోగా పక్కకు తప్పుకున్నాను. ఆయన సంతోషంగా నా చోటులోకి వచ్చాడు.

అది పుంగనూరులో మా ఆడపిల్లల హైస్కూలుకంతా ఉన్న ఒకే ఒక్క బాస్కెట్‌బాల్ వాసన. సాయంత్రం ఎర్రమట్టి కోర్టు మీద నీళ్లు చల్లితే లేచే ఆవిరి, గోడ అవతల పాల క్యాన్లు ఆటోకెక్కించే చప్పుడు, జేబుల్లో ఉడకబెట్టిన శనక్కాయలు, వీటన్నిటి మధ్య ఆ బంతి చంటిబిడ్డలాగా చేతులు మారేది. ముళ్లకంపలో పడి పగిలితే ఇంకొకటి లేదు గనక, మా డ్రిల్లు సారు మునెప్ప నేర్పిన ఆటంతా ఒక్క మాటలో ఉండేది: వదలొద్దు.

సారుకు కబడ్డీ వచ్చు. బాస్కెట్‌బాల్ అంటే దారితప్పి ఒక బంతి వచ్చి చేరిన కబడ్డీ అని ఆయన నమ్మకం. అయితే ఆడపిల్లలు మీద మీద పడితే బాగుండదని, ఎదుటి పిల్లకు బారెడు దూరంలో నిలబడమనేవాడు. రూలేంది సార్ అని అడిగితే, "రూల్సు నేను సూసుకుంటా, మీరు ఆడండమ్మా" అనేవాడు. ఆయన వాటిని చూసుకోవడం మాత్రం ఎవరూ చూడలేదు. బంతి దొరికిన పిల్ల దాన్ని కడుపుకు కరుచుకుని తీరిగ్గా ఆలోచించుకునేది, అవతలి పిల్ల పెళ్లిచూపులకొచ్చినంత మర్యాదగా దూరాన నిలబడేది.

మేం పదిలో ఉండగా హెడ్‌మిస్ట్రెస్ తేల్చి చెప్పింది: మదనపల్లె పోటీల్లో గెలిస్తే కోర్టు మీది, లేదంటే అక్కడ టీచర్ల బండ్లకు షెడ్డు. మా కెప్టెన్ నాగవేణి చౌడేపల్లె నుంచి, తెల్లారే ఆవుల పాలు పిండి వచ్చేది. ఆట లేకపోతే సాయంత్రం బస్సు దాకా బడిలో ఉండడానికి దానికి ఇంట్లో చెప్పుకునే సాకే లేదు. నాలుగు గంటల బస్సుకే ఇంటికిపోయి పేడెత్తాలి.

ఫైనల్ కుప్పం పిల్లలతో. అందాకా ఆడిన జట్లేవీ మాకు మరీ దగ్గరగా రాలేదు. చిత్రాన్నం తిని దిగినాం. నాగవేణి చేతికి బంతి రాగానే ఒక బక్కపిల్ల వచ్చి, ముక్కుకు ముక్కు ఆనేంత దగ్గర చేతులు చాపి నిలబడింది. తాకలేదు, తొయ్యలేదు. "ఒణ్ణు, రెండు, మూణు" అని అరవంలో గొణిగింది.

"ఏం లెక్కబెడతాండావే?" అంది నాగవేణి.

"అంజు" అందా పిల్ల, ఐదన్నమాట. విజిల్ పడింది. రెఫరీ ఐదు వేళ్లు చాపి చూపించి, బంతి వాళ్లకిచ్చాడు.

గట్టుమీద నుంచి మునెప్ప సారు ఆ వేళ్లకు తక్షణం అర్థం చెప్పాడు. "ఆగమని సెయ్యి సూపిస్తాండాడు. వదలొద్దండి, ఇంకా గట్టిగా పట్టుకోండి!"

మేం క్రమశిక్షణ గల పిల్లలం. ఇంకా గట్టిగా పట్టుకున్నాం. విజిల్ పడుతూనే ఉంది, సారు అరుస్తూనే ఉన్నాడు, బంతి కుప్పం వాళ్ల దగ్గరికి పోతూనే ఉంది.

అంతా అయినాక కొళాయి దగ్గర నీళ్లు తాగుతూ ఆ బక్కపిల్లే చెప్పింది. "దగ్గరగా మనిషి అడ్డం నిలబడితే ఐదు సెకన్లే టైము. ఆలోపల విసరాల, లేదంటే నేలకు కొట్టాల. మీకు ఎవురూ సెప్పలేదా?"

తిరుగు బస్సులో సారు మాత్రం, రెఫరీ కుప్పం అల్లుడని కనిపెట్టాడు. ఆ నెలలోనే నాగవేణి నాలుగు గంటల బస్సుకు మారింది.

పోయిన నెల మా బడిలో పాత విద్యార్థుల సభ జరిగింది. ఎర్రమట్టి మీద సిమెంటు పోశారు. షెడ్డు రేకులను మోస్తున్నది మా బుట్ట స్తంభమే, బుట్ట మాత్రం లేదు. ఆ రోజుకు బండ్లన్నీ బయటికి తీసి, ఆ రేకుల కిందే మునెప్ప సారుకు శాలువా కప్పారు. ఆయన మైకు పట్టుకున్నాడు, దాన్నీ గట్టిగానే.

"ఓడిపోతే ఓడిపోయినారు గానీ, మా పిల్లోళ్లు కడాకు బంతి మాత్రం వదల్లేదు" అన్నాడు.

చప్పట్లు మోగాయి. నా పక్కన, కండక్టరు డ్యూటీ దిగి యూనిఫారంలోనే వచ్చిన నాగవేణి, చప్పట్లు తగ్గేదాకా ఆగి లేచి నిలబడింది.

"అందుకే ఓడిపోయినాం సార్."