రైతు పాఠంలో పట్టా ఎవరిది

మా నాయినకు తెలుగు చదవడం నేర్పింది నేనే. ఈ మాట చెప్తే మా బళ్ళో తోటి టీచర్లు నవ్వేవారు. ఎందుకంటే ఆయన అచ్చంగా తెలుగువాడే. ఇంట్లో తెలుగు, పొలంలో తెలుగు, నిద్రలో కూడా తెలుగే. కలలో మా మేనమామను తిడుతుంటే నా చెవులారా విన్నాను. కానీ చదువంతా నిజాం కాలపు ఉర్దూ బడిలో సాగింది. ఉర్దూ రాస్తే చూడముచ్చటగా ఉండేది. తెలుగు మాత్రం సంతకం దాకానే వచ్చు, ఆ సంతకం కూడా పెట్టిన ప్రతిసారీ ఒక కొత్త తీరుగా ఉండేది.

ఆయన మానుకోట తాసీల్ ఆఫీసులో గుమాస్తా. పాత భూమి లెక్కలన్నీ ఉర్దూలో ఉండేవి కాబట్టి కొంతకాలం ఆయన లేకుండా అక్కడ ఆకు కదిలేది కాదు. మెల్లమెల్లగా కాగితాలు తెలుగులోకి మారాయి. తెలుగు పరీక్ష గట్టెక్కితేనే గిర్దావర్ పని ఇస్తామన్నారు. గిర్దావర్ అంటే ఊరూరూ తిరిగి పొలాలూ పంటలూ చూసి లెక్క రాసే అధికారి. మా నాయినకు ఆ పనంటే ప్రాణం. కుర్చీలో కూర్చుంటే ఆయన కాళ్ళు ఊరుకునేవి కావు. పని రాకముందే దానికోసం సైకిలు కూడా కొనిపెట్టుకున్నాడు. పరీక్ష మాత్రం రెండుసార్లు తప్పాడు. మూడోసారి తప్పితే ఇక ఉద్యోగం అయిపోయేదాకా రికార్డు గదిలో దుమ్ము కట్టల మధ్యే ఉండాల్సి వస్తుందని పై అధికారి ముఖం మీదే చెప్పాడట. ఆ రోజు నాయిన సైకిలు ఎక్కకుండా నెట్టుకుంటూ ఇంటికొచ్చాడు.

మా అమ్మ జనగామ ఆడపడుచు. ఏడో తరగతి దాకా తెలుగు చదివింది. వారపత్రిక దొరికితే అట్ట నుంచి అట్ట దాకా వదిలేది కాదు. "నేను నేర్పుత గదా" అని ఎన్నిసార్లు అన్నా నాయిన వినలేదు. పెళ్ళాం దగ్గర అక్షరాలు దిద్దుకుంటే నామోషీ, కూతురి దగ్గరైతే ఆటలో భాగం. ఈ మగవాళ్ళ లెక్కలు నాకు ఇప్పటికీ అంతు చిక్కవు.

అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో మా బడి నెలల తరబడి మూతపడింది. కొన్నాళ్ళకు ఉద్యోగులు కూడా పని బంద్ పెట్టారు. నేను ఐదో తరగతి పిల్లను, క్లాసులో ఎప్పుడూ మొదటి నంబరే, పెత్తనం చేయడంలో కూడా. ఇంట్లో నాకు పనిలేదు, నాయినకూ పనిలేదు. బజారులో ఊరేగింపు పోతే వెళ్ళి చూసి రావడం, మిగిలిన పొద్దంతా అరుగు మీద కూర్చోవడం. ఒకరోజు నేను పలక, బలపం తెచ్చి ఆయన ముందు పెట్టి, "ఇగ కూసో నాయినా, ఇయ్యాల్టి సంది బడి" అన్నాను. ఆయన నిజంగానే మఠం వేసుకుని కూర్చున్నాడు.

అక్షరాలు ఆయనకు ముందే కొంత వచ్చు. గుణింతాల దగ్గర తడబడేవాడు, అంతే. అందుకని నేను నేరుగా నా వాచకం తీశాను. మొదటి పాఠం పేరు రైతు. "రైతు తెల్లవారక ముందే లేచును. పొలమునకు పోవును. పంటలు పండించును. దేశమునకు అన్నము పెట్టును." ఆయన వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని ఈ నాలుగు మాటలు చదివేసరికి అమ్మ ఒక విడత చాయ్ పెట్టి తెచ్చింది. పాఠం కింద ఉన్న ప్రశ్నలు నేను అడిగాను. రైతు ఎప్పుడు లేచును? రైతు ఎక్కడికి పోవును? ఆయన జవాబు చెప్పకుండా నన్నే అడిగాడు.

"గీ రైతు పేరేంది?"

"పేరు లేదు నాయినా. రైతు అంతే."

"పేరు లేకుంటే ఎట్లనే? పట్టా ఎవరి పేరు మీద ఉన్నది? సొంత భూమా, కౌలా?"

"పుస్తకంల రాయలే."

"బాయి కింద సాగా, చెరువు కింద సాగా? తెల్లారక ముందే లేచిండంటే మోట కొట్టెతందుకే లేచి ఉంటడు. దేశానికి అన్నం పెడుతుండట, మరి వాని ఇంట్ల పొయ్యి మండిందా లేదా రాయకపాయె."

ఆయన పాఠాన్ని దరఖాస్తు చదివినట్టు చదువుతున్నాడు! ఇరవై ఏళ్ళుగా ఆయన చేతికి వచ్చిన ప్రతి కాగితం ఎవరో ఒకరు ఏదో ఒకటి దాచి రాసిందే. అందుకని పాఠం రాసినాయన మీద కూడా ఆయనకు నమ్మకం కుదరలేదు. నాకేమో ఒళ్ళు మండింది. నా దగ్గర నాలుగు ప్రశ్నలకు నాలుగు జవాబులు కంఠతా ఉన్నాయి. అయిదో ప్రశ్న అనేది లోకంలో ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు.

అడవి పాఠం దగ్గర ఇంకా కష్టమైంది. "అడవులు మనకు కలప నిచ్చును. తేనె నిచ్చును. అడవి జంతువులకు నిలయము." నాయిన అక్కడ ఆగిపోయాడు. ఆయన ఆఫీసు పని మీద కొత్తగూడ వైపు ఎన్నోసార్లు పోయివచ్చాడు. "కొత్తగూడ అడవిల నేను వారం రోజులున్న. అడవిల ఉండెటోళ్ళ ఇండ్లల్లనే తిన్న. పోడు కొట్టుకొని జొన్నలేసుకుంటరు. గీ పాఠంల జంతువులే ఉన్నయి, మనుషులు ఏడికి పోయిన్రు?" అన్నాడు. నేను పుస్తకం టప్పున మూసేసి, "నువ్వు గిట్ల అడిగితే పరీక్షల సున్న వేస్తరు. ప్రశ్నలు బంద్. చెప్పింది బట్టీ పట్టు" అని ఆజ్ఞాపించాను. ఆయన బుద్ధిగా తలూపాడు.

ఒక వారం మా బడి చాలా క్రమశిక్షణగా నడిచింది. ఆయన నోరెత్తి ఒక్క ప్రశ్న అడగలేదు. చదవమంటే చదివాడు, రాయమంటే రాశాడు. వారం చివర ఆ వారం చెప్పిన పాఠమే మళ్ళీ ఇస్తే ఒక్క వాక్యం కూడా ముందుకు సాగలేదు. ముందురోజు చదివిన మాటను కొత్తగా చూసినట్టు చూశాడు. ఆవులింతలు మొదలుపెట్టాడు. రైతు పాఠం మాత్రం, అది మొదటిరోజు చదివిందైనా, గడగడా చదివాడు. నాకు ఏడుపొచ్చింది. రికార్డు గది తలుపు ఆయన మీద మూసుకుపోతున్నట్టే అనిపించింది. ఆయన సైకిలు గోడకు ఆనించి ఉంది, దాని మీద అమ్మ చీరలు ఆరేసింది.

వంటింట్లో కూరకు తిరగమోత పెడుతున్న అమ్మ అక్కణ్ణుంచే తీర్పు చెప్పింది. "నోరు గట్టేసి కూసోబెడితే ఆయనకు ఏమొస్తదే? అడిగిన పాఠమేమో యాదికున్నది, అడగని పాఠమేమో లేదు. గంత దానికి ఏడ్చుడెందుకు?"

అమ్మ చెప్పింది నిజమే. నేను ఏడుపు ఆపుకుని కొత్త చట్టం చేశాను. ప్రశ్నలు ఎన్నైనా అడగవచ్చు, కానీ నోటితో కాదు. పలక మీద తెలుగులో రాసి అడగాలి. రాయకపోతే జవాబు లేదు.

దాంతో మా బడి రూపమే మారిపోయింది. జవాబు రాయమంటే బలపం కదలని మనిషి ప్రశ్న రాయమంటే పలక మీదికి వంగిపోయేవాడు. మొదటి ప్రశ్న రాయడానికి చాలాసేపు పట్టింది. దీర్ఘాలు ఉండవలసిన చోట లేవు, ఉండకూడని చోట ఉన్నాయి. అయినా ఏమడుగుతున్నాడో తెలుస్తూనే ఉంది. "అడవిల మనుషులను రాసిన పాఠం ఏడ ఉన్నది?" నేను తప్పులు దిద్ది, "లేదు" అని కింద రాశాను. ఆయన చెరిపి ఇంకోటి రాశాడు. "ఎందుకు లేదు?" దానికి జవాబు నాకు తెలియదు. అమ్మను అడిగితే ఆమెకూ తెలియదు. ముగ్గురం ఆ పలక చుట్టూ కూర్చుని మాట్లాడుకున్నాం. నాకు ఆ సాయంత్రం అంటే ఇప్పటికీ ఇష్టం.

తర్వాత ఆఫీసులు తెరిచారు, బడులు తెరిచారు. మా బడి మాత్రం పొద్దున చాయ్ వేళకు నడుస్తూనే ఉంది. ఆయన ప్రశ్నలు పొడుగయ్యాయి, తప్పులు తగ్గాయి. చివరికి నా వాచకం అయిపోయి అమ్మ వారపత్రికల మీద పడ్డాడు. సీరియల్ కథలో ఒకావిడ అలిగి పుట్టింటికి పోతే, "ఆమె నగలు ఎవరి దగ్గర ఉన్నవి?" అని పలక మీద రాశాడు. అమ్మ పగలబడి నవ్వింది. తర్వాతి వారం పత్రిక రాగానే మొదట నగల సంగతే వెతికింది.

పరీక్ష హనుమకొండలో. రాతపరీక్ష ఒక తీరుగా రాశానన్నాడు. అసలు భయం నోటిపరీక్ష గురించే. ఆయన ఇంటికొచ్చి చెప్పిన కథను అమ్మ సగం నమ్మింది, నేను మొత్తం నమ్మాను. పరీక్ష చేసినాయన కోస్తా వైపు నుంచి వచ్చిన పెద్దమనిషట. చదవమని ఒక కాగితం ఇచ్చాడు. ఒక ఊళ్ళో చెరువు కట్ట తెగింది, ఊరంతా శ్రమదానం చేసి కట్టుకున్నారు, పంటలు పండి అందరూ సుఖంగా ఉన్నారు. అంతే పాఠం. నాయిన ఎప్పటిలాగే నెమ్మదిగా, ఆగి ఆగి చదివాడు. పరీక్ష చేసినాయన తన కాగితం మీద ఏదో గీకడం మొదలుపెట్టాడట.

"సరేనండీ, ఏమర్థమైందో చెప్పండి," అన్నాడట విసుగ్గా.

"సార్, కట్ట ఎందుకు తెగిందో రాయలే," అన్నాడట మా నాయిన. "తూము పూడిందా, లేకుంటే చెరువు లోపటి శిఖం భూమిని ఎవరన్న దున్నిండ్రా? కారణం తెలువకుంటే మల్ల యేడు మల్ల తెగుతది. ఇంకోటి, శ్రమదానం చేసినోళ్ళల్ల చెరువు కింద గుంట భూమి లేనోళ్ళు ఎంతమంది? అందరూ సుఖంగ ఉన్నరని రాసిన్రు. వాళ్ళు ఎట్ల సుఖంగున్నరు?"

పరీక్ష చేసే ఆయన కలం కింద పెట్టేశాడట. కాగితం తీసుకుని తానే ఒకసారి చదువుకున్నాడట. "ఇది నేను పదిమందికి ఇచ్చానండీ. అందరూ నాకు అప్పజెప్పారు. ఎవరూ అడగలేదు," అని, మార్కు వేసి, కుర్చీ చూపించి, నాయినతో ఆ చెరువు సంగతి చాలాసేపు మాట్లాడాడట.

నాయిన పాసయ్యాడు! ఆ సంతోషానికి నాకు కొత్త పలక కొనిచ్చాడు. నేను దాన్ని ఆయనకే ఇచ్చాను.

పెద్దయ్యాక నేను టీచరునయ్యాను. ఎనభైల్లో జనగామ బళ్ళో తెలుగు చెప్పేదాన్ని. పాఠం అయ్యాక ప్రతి పిల్లా పలక మీదో కాగితం మీదో తన ప్రశ్న ఒకటి రాయాలి. జవాబు పాఠంలోనే దొరికే ప్రశ్న చెల్లదు. మా హెడ్మాస్టరు తలుపు దగ్గరికి వచ్చి, "అమ్మా, మీ క్లాసుల మీకన్న పిల్లలే ఎక్కువ మాట్లాడుతరు," అనేవాడు. ఆయన ఫిర్యాదు చేస్తున్నాడో మెచ్చుకుంటున్నాడో నాకు తెలిసేది కాదు, మెచ్చుకోలుగానే తీసుకునేదాన్ని. తండా నుంచి వచ్చే ఒక అమ్మాయి మాత్రం ఏమీ రాసేది కాదు. మొద్దు అని తోటి టీచర్లు తేల్చేశారు. నేను ఆమెను ముందు లంబాడీలోనే అడగమన్నాను, పక్కన కూర్చున్న స్నేహితురాలు మాకు తెలుగులో చెప్పేది. ఆ సంవత్సరం క్లాసులో అందరికన్నా పదునైన ప్రశ్నలు ఆ పిల్లవే. నాకు ఆ ఆలోచన ఊరికే రాలేదు. చిట్యాల దారిలో వచ్చింది.

గిర్దావర్ అయ్యాక నాయినకు మొదట పని పడింది చిట్యాల, భూపాలపల్లి వైపు. సెలవుల్లో నన్ను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని ఊళ్ళు తిప్పేవాడు. పంట చేను కనబడితే చాలు, దిగి రైతుతో మాటలు పెట్టుకునేవాడు. పేరేంది, బాయి ఎంత లోతు, ఇంట్ల ఎంతమంది. ఇప్పుడు జవాబులన్నీ తెలుగులో రాసుకునేవాడు. ఒక సాయంత్రం మిరప చేలు దాటి వెనక్కి వస్తున్నాం. ఆయన నన్ను ఇన్ని అడిగాడు గానీ నేను ఆయన్ను ఎన్నడూ ఏమీ అడగలేదని నాకు ఉన్నట్టుండి తోచింది.

"నాయినా, చిన్నప్పుడు నువ్వు బడిల గూడ గిట్లనే అడిగెటోనివా?"

ఆయన తొక్కుతూనే చెప్పాడు.

"ఒక్కటన్న అడగలే బిడ్డా. సార్లు ఉర్దూల చెప్పేది. నాకు ప్రశ్నేమో కడుపుల తెలుగుల పుట్టేది. దాన్ని ఉర్దూల చేసుకునేటాళ్ళకు సార్ ఇంకో పాఠంలకు పోయేటోడు. నీకేం సమజ్ కాదురా అని కొట్టేది. గవన్ని గట్లనే లోపట ఉండిపోయినయి."

"గిన్నేండ్లు లోపటనే పెట్టుకున్నవా?"

"మరేం జేత్తు?" అన్నాడు నాయిన నవ్వుతూ. "నువ్వు పుట్టాలె, పెద్దగావాలె, పలక తెచ్చి ముంగట పెట్టాలె గదా."

ముందు ఎత్తు వచ్చింది. నన్ను దిగమన్నాడు. నేను వెనక నుంచి సైకిలు నెట్టాను, ఆయన హ్యాండిల్ పట్టుకుని నడిచాడు.