ఫరంపేట బ్రూడరులో బల్బులు

నా పదవీ విరమణకు రెండేళ్ల ముందు, ఎల్ఈడీ బల్బులు ఇంటింటికీ వస్తున్న కొత్తలో, పుష్యమాసం చలిలో జరిగిన సంగతి ఇది. అప్పుడు నేను యానాం పశువైద్యశాలలో సీనియర్ డాక్టరుని. నా కింద సుధారాణి అనే అమ్మాయి కొత్తగా చేరింది. కొద్ది రోజుల్లోనే రైతులు గేటు దగ్గరే, "చిన్న డాక్టరమ్మగారు ఉన్నారాండి?" అని అడగడం మొదలుపెట్టారు. ఆ మాట చెవిన పడినప్పుడల్లా వినపడనట్టు రిజిస్టరులో తల దూర్చేవాణ్ణి. అది అసూయేనని నాకు తెలుసు.

యానాం పక్కనే ఉన్న ఫరంపేటలో మార్తమ్మ అనే ఆవిడ కోడిపిల్లల్ని పెంచి అమ్మేది. ఆ ఇంటికి అదే ఆధారం. కొత్త బ్యాచ్ పిల్లలు చనిపోతున్నాయని కబురు పంపితే వెళ్లాను. చచ్చిన పిల్లను కోసి చూస్తే పొట్టలో పచ్చసొన ఇంకకుండా అలాగే ఉంది. బొడ్డు దగ్గర ఇన్ఫెక్షన్ అనుకుని, నీళ్లలో కలిపే యాంటీబయాటిక్ రాసి, నమూనా ల్యాబ్‌కి పంపాను. మర్నాటికి చావులు పెరిగాయి.

ఈసారి సుధారాణి కూడా వస్తానంది. కాదనడానికి కారణం దొరకలేదు. పిల్లలు ఒక మూల గుట్టగా పడి ఉన్నాయి. ఆమె బ్రూడరు కింద, అంటే తల్లికోడి రెక్కలకు బదులు వెచ్చదనమిచ్చే రేకు గొడుగు కింద, అరచెయ్యి పెట్టి కాసేపు ఉంచింది.

"ఈ బల్బులు ఎప్పుడు మార్చారమ్మా?"

"ఈ బ్యాచికేనండి. కరెంటు తక్కువ కాలుద్దన్నారు. ఎలుగు కూడా బాగానే ఉందండి," అంది మార్తమ్మ.

సుధారాణి ఆవిడకు నింపాదిగా చెప్పింది. పాత బల్బులో సన్నని టంగ్‌స్టన్ తీగ ఉంటుంది. కరెంటు దాన్ని దాటలేక దాటుతుంటే తీగ కాగి, కాగి, తెల్లగా వెలుగుతుంది. గాజు లోపల గాలి లేకుండా చేస్తారు కాబట్టి కాలి బూడిద కాదు. ఆ బల్బు తాగే కరెంటులో వెలుగయ్యేది కాస్తే, మిగతాదంతా వేడే. ఎల్ఈడీకి వెలగడానికి అంతగా కాగాల్సిన పనిలేదు. పిల్లలకు కావలసింది ఆ వేడి. చలి తగిలితే పచ్చసొన కూడా సరిగా ఇంకదు.

"ఇంకో రెండు రోజులు మందు వాడి చూద్దాం" అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. మార్తమ్మ చేతిలో ఇంకో పిల్ల మెడ వాల్చేసింది. నేను మాట మింగి స్కూటర్ తీశాను.

యానాం బజారులో ఏ షాపులో అడిగినా పాత బల్బులు తెప్పించడం మానేశామన్నారు. చివరికి ఒక పాత ఎలక్ట్రికల్ షాపాయన అటక మీద నుంచి దించి ఇచ్చాడు. ఆమె మాట నిజమని తేల్చే వస్తువును నేనే వెతికి, నేనే మోసుకెళ్లి, నేనే హోల్డర్లలో బిగించాను. సాయంత్రానికి పిల్లలు మూల వదిలి గొడుగు కింద విడివిడిగా పడుకున్నాయి. ల్యాబ్ రిపోర్టులో ఏ క్రిమీ దొరకలేదు.

"సొన ఇంకలేదని సార్ ముందే పట్టుకున్నారు" అని సుధారాణి ఆఫీసులో అందరికీ చెప్పింది. ఆ మంచితనం నన్ను మరింత గుచ్చింది.

ఆమె మీద అసూయ నాకు రిటైరయ్యేదాకా పోలేదు. అయితే ఆ తర్వాత ఏ షెడ్డుకి వెళ్లినా, కత్తి తీసే ముందు, ఇక్కడ కొత్తగా ఏం మారిందని అడిగేవాణ్ణి.