రత్నమ్మ చెప్పిన రెండు

2011 సెప్టెంబరు 22, గురువారం. ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై పదో రోజు. దిల్‌సుఖ్‌నగర్‌లో నలభై పడకల ప్రైవేటు ఆసుపత్రిలో ఆర్థోపెడిక్ వార్డుకు, అంటే ఎముకల వార్డుకు, నేను ఇన్‌ఛార్జి సిస్టర్‌ని. నాకప్పుడు యాభై ఏడేళ్లు, ఉద్యోగంలో ముప్పై నాలుగో ఏడు. సిటీ బస్సులు ఆగిపోవడంతో మన్సూరాబాద్ నుంచి ఎల్బీనగర్ దాకా నడిచి, అక్కడ షేర్ ఆటో పట్టుకుని, ఏడు యాభైకి వార్డులో ఉన్నాను. ఎనిమిది నుంచి రెండు వరకు నా డ్యూటీ.

ఆరో నంబరు మంచం మీద రత్నమ్మ ఉంది. యాభై ఎనిమిదేళ్లు. కర్మన్‌ఘాట్ దగ్గర ఒక చిన్న సంఘంలో బైబిల్ ఉమెన్. జబ్బుపడ్డవాళ్ల ఇళ్లకూ, కష్టంలో ఉన్నవాళ్ల ఇళ్లకూ సంఘం తరఫున తిరిగి ప్రార్థన చేసే స్త్రీని అలా అంటారు. ఆమె పనంతా కాళ్ల మీదే. ముందురోజు సాయంత్రం ఒక ఇంట్లో ప్రార్థనకు వెళుతూ, పదిమంది ఎక్కిన షేర్ ఆటో అంచు నుంచి జారిపడింది. ఎడమ మోకాలి కింద ఎముక విరిగింది. వాపు తగ్గాక రాడ్ వేయాలని, అప్పటిదాకా కాలు కదలకుండా స్లాబ్, అంటే సిమెంటు పట్టీ, పెట్టి బ్యాండేజీ చుట్టారు.

అలాంటి రోగికి రెండు గంటలకోసారి పెయిన్ స్కోర్ రాయాలి. నొప్పి లేకపోతే సున్నా, భరించలేనంత ఉంటే పది. నాలుగు దాటితే ఇంజెక్షన్ ఇవ్వమని డాక్టరుగారి ఆర్డరు. అంకె రోగే చెప్పాలి, నర్సు దిద్దకూడదు. ఈ నియమాన్ని చిన్న సిస్టర్లకు బల్లగుద్ది చెప్పేదాన్ని నేనే.

ఎనిమిదింటికి ఆమె మంచం దగ్గరికి వెళ్లాను.

"ఆంధ్ర సిస్టరమ్మా, నడిచొచ్చినవా? మా సమ్మె నీ కాళ్ల మీదికొచ్చింది గదా!" అని నవ్వింది.

"నా కాళ్లకేం, బాగానే ఉన్నాయి. మీ కాలు సంగతి చెప్పండి. నొప్పి ఎంత?"

"రెండు రాసుకో."

పదింటికి కూడా రెండే అంది. విరిగిన ఎముకకు అది తక్కువే. "నిజంగా రెండేనా రత్నమ్మగారూ?" అని అడిగాను.

పక్కనే కూర్చున్న కూతురు సుజాత అందుకుంది. "అమ్మా, జర సూది ఏపించుకోరాదే. ఎందుకే గింత మొండితనం?"

"నువ్వు సప్పుడు జెయ్యకు," అని రత్నమ్మ నా మెడలోని సిలువ వైపు చూసింది. "నువ్వు గూడ నమ్మినదానివే గదా సిస్టరమ్మా. పౌలు భక్తుడు జైల్లకెంచి ఏం రాసిండు? క్రీస్తును నమ్ముడొక్కటే గాదు, ఆయన కోసం శ్రమపడుడు గూడ దేవుడు మనకిచ్చిన వరమే అన్నడు. నేను ప్రార్థనకే పోతుంటి. పోతుంటెనే పడ్డ. దేవుడిచ్చింది నువ్వు సూదితోని గుంజుకుంటవా?"

నమ్మకం వరమంటే నాకెప్పుడూ సందేహం రాలేదు. అది నేను కష్టపడి సంపాదించుకున్నది కాదు, మా అమ్మ ఒళ్లో ఉన్నప్పుడే అందింది. కానీ శ్రమ కూడా ఆ చేతి నుంచే వచ్చిన వరమైతే, రోజుకు ఇరవై ఇంజెక్షన్లు చేసే నేను ఎవరి పక్షాన ఉన్నట్టు? ముప్పై నాలుగేళ్లుగా ఆ ప్రశ్నను పక్కకు నెట్టి పనిచేశాను. ఆ రోజూ అంతే చేశాను. ఛార్టులో 2 వేసి, సంతకం పెట్టి, ఏడో మంచానికి వెళ్లాను.

పన్నెండింటికి మళ్లీ వచ్చేసరికి, పొద్దుటి నుంచి ఆమె సన్నగా పాడుకుంటున్న కీర్తన ఆగిపోయి ఉంది. పై పెదవి మీద చెమట పట్టింది. అడక్కముందే "రెండే" అంది. అంకె వేసేశాను. అప్పుడు దిండు పక్కనున్న తువ్వాలు కనబడింది. ఒక కొస తడిసి ముద్దగా ఉంది. విప్పి చూస్తే పంటి గాట్లు. రెండుచోట్ల బట్ట చిరిగింది.

కట్టులోంచి బయటికి కనిపిస్తున్న ఆమె బొటనవేలిని పట్టుకుని మెల్లగా కిందికి వంచాను.

"యేసయ్యా!" అని పెట్టిన కేకకు వార్డంతా ఇటు తిరిగింది.

"ఇప్పుడెంత?"

"రెండు."

వేలు కదిపితేనే అంత నొప్పంటే కాలి లోపల ఒత్తిడి పెరిగినట్టే. దీన్ని కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ అంటారు. కాలి కండరాల చుట్టూ సాగని పొర ఒకటి ఉంటుంది. ఎముక విరిగాక లోపల వాపు పెరిగితే, ఆ పొర లోపలే ఒత్తిడి పెరిగి రక్తం ఆడదు. ఆరేడు గంటలు దాటితే కండరం చచ్చిపోవడం మొదలవుతుంది. దాన్ని ముందుగా చెప్పే గుర్తు దాదాపు ఒక్కటే: నొప్పి. ఎప్పటినుంచి ఎంత నొప్పి ఉందో తెలియాలి. చెప్పవలసిన మనిషి పళ్లబిగువున రెండు అంటోంది.

వంగి ఆమె చెవి దగ్గర చెప్పాను. "రత్నమ్మగారూ, ఇది వరమే అనుకుందాం. ఇచ్చినాయన తొమ్మిది ఇస్తే, రెండే ఇచ్చాడని నా చేత రాయిస్తారా? అది అబద్ధ సాక్ష్యం కాదా?"

ఆమె కళ్లు మూసుకుంది.

"తొమ్మిది. పొద్దుగాల ఆరు కొట్టినకాడికెల్లి తొమ్మిదే. రాత్రంతా ఏడుండె."

సర్జన్‌కు కబురు పంపి, పన్నెండు గంటల పన్నెండు నిమిషాలకు బ్యాండేజీ మొత్తం కత్తిరించాను. పన్నెండు ఇరవైకి సర్జన్ వచ్చి చూసి, ఫేషియాటమీ చేయాలన్నారు. అంటే ఆ పొరను నిలువునా కోసి ఒత్తిడి వదిలించడం. మత్తు డాక్టరు ఎల్బీనగర్ చౌరస్తా రాస్తారోకోలో చిక్కుకుని, ఒంటిగంట దాటాక చెమటలు కక్కుతూ వచ్చాడు. విజయవాడ మనిషి. "మూడుచోట్ల జై తెలంగాణ అన్నాను సిస్టర్. మా మామగారికి తెలిస్తే ఇంట్లోకి రానివ్వడు" అంటూ గ్లవ్స్ తొడుక్కున్నాడు. ఒకటీ ఇరవై ఐదుకు కోత మొదలైంది.

కాలు దక్కింది. బొటనవేలు మాత్రం మళ్లీ పూర్తిగా పైకి లేవలేదు. సర్జన్ ఛార్టు తిప్పి, "మూడుసార్లు రెండని రాశారు. ఎనిమిదింటికే ఒకసారి వేలు కదిపి చూసి ఉంటే ఆ వేలు కూడా దక్కేది కదా సిస్టర్" అన్నారు. రోగి చెప్పిన అంకె దిద్దకూడదనే నియమం నాకు కంఠతా వచ్చు. ఆ నియమం ఆయనకు చెప్పలేదు.

నాలుగో రోజు డ్రెస్సింగ్‌కు ముందు రత్నమ్మే అడిగింది. "సూది ఇయ్యి సిస్టరమ్మా. ఎనిమిదున్నది."

ఇంజెక్షన్ ఇచ్చాను. మందు పనిచేసేదాకా ఆగాం.

"శ్రమ వరమనే మాట తప్పు గాదు," అంది. "ఆయన పేరు చెప్పినందుకు దెబ్బలు తిని రాసిన మాట గది. నేను ఆటోల నుంచి పడి, గా మాటను నా కాలికి కట్టుకున్న. గా పౌలే, తన ఒంట్లె ముల్లు తియ్యమని దేవుణ్ణి మూడుసార్లు అడిగిండు. నేనొక్కసారి గూడ అడగలే. చూడరాదు, ఆయనకన్న పెద్ద భక్తురాలినైన!" అని పొట్ట పట్టుకుని నవ్వింది. సుజాత కూడా నవ్వింది, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ.

నేను నవ్వలేకపోయాను. ఆ లేవని వేలిలో నా భాగం ఉంది. ఆ మాటే ఆమెతో అన్నాను. "నేను అబద్ధం చెప్పిన, నువ్వు రాసినవు. చెరి సగం" అని నా చెయ్యి తట్టింది.

ఇరవై ఆరో రోజు వాకర్‌తో ఇంటికి వెళ్లింది. ఆ తరువాతి సంవత్సరం నేను రిటైరయ్యే లోపు రెండుసార్లు మా వార్డుకే రోగులకు ప్రార్థన చేయడానికి వచ్చింది. ఎడమ పాదం కొంచెం ఈడ్చి నడిచేది. ప్రార్థన ముగించి ప్రతి మంచం దగ్గరా "సిస్టరమ్మకు నిజం జెప్పున్రి" అనేది.

శ్రమ దేవుడిచ్చే వరమా అని ఇప్పుడడిగినా నేను ఖాయంగా చెప్పలేను. నొప్పి ఎవరి దగ్గరి నుంచి వచ్చినా, ఎంత వచ్చిందో ఉన్నదున్నట్టు చెప్పాలని మాత్రం ఆ మంచం దగ్గర తెలిసింది. అంకె విని ఊరుకోకుండా వేలు పట్టుకుని చూడాలని కూడా.

మొన్న మోకాళ్లు చూపించుకోవడానికి వెళితే, నా మనవరాలి వయసున్న నర్సు "నొప్పి ఎంతమ్మా?" అని అడిగింది. ఇంకొకరికి శ్రమ ఎందుకని మూడు అనబోయాను.

"ఆరు," అన్నాను. "మెట్లెక్కితే ఏడు. రెండూ రాసుకో."