అత్త అడిగిన కోడెదూడ

నా చిన్నప్పుడు మా కొట్టంలో ఆవు ఈనిందంటే ఇరుగుపొరుగు అడిగే మొదటి మాట ఒకటే, మగదా ఆడదా, కోడెనా పెయ్యనా అని. కోడె అయితే మా జేజినాయన, అంటే మా నాయనను కన్న తండ్రి, వీధంతా బెల్లం పంచేవాడు. పెయ్య అయితే సరేలే అని తలగుడ్డ దులుపుకుని చేనికి పోయేవాడు. కర్నూలు రాజధాని అయిందని, అక్కడ డేరాలు వేసి కచేరీలు నడుపుతున్నారని పెద్దలు వింతగా చెప్పుకునే రోజులవి. కోడుమూరు దగ్గరి మా పల్లెలో మాత్రం ఎవరింట్లో ఎన్ని జతల ఎద్దులున్నాయన్నదే పెద్ద కబురు.

ఆయన్ని తప్పుపట్టడానికి లేదు. మావి నల్లరేగడి చేలు. గరిక వేళ్ళు దిగిన చేనిని పెళ్ళగించాలంటే పెద్ద మడకకు నాలుగైదు జతల ఎద్దులను కట్టాలి. వాన ముఖం చాటేసిన ఏడాది జొన్నచొప్పకు కూడా కరువే. పెయ్యకు వేసే చొప్ప కోడెకు వేస్తే అది కాడి ఎక్కుతుంది కదా అనేవాడు జేజినాయన. అందుకని పెయ్యదూడ పాలు మరిచీ మరవకముందే దాన్ని ఎవరికో ఒకరికి తోలేసేవాడు. పెళ్ళయిన మా మేనత్తకు పసుపుకుంకుమల కింద ఒకటి, అడిగిన బంధువులకు తలా ఒకటి. ఊళ్ళో దాత అని పేరొచ్చింది. కోడెలతో నిండిన మా కొట్టాన్ని చూసి కళ్ళల్లో నిప్పులు పోసుకున్నవాళ్ళూ ఉన్నారు. విత్తనాలకు దాచాల్సిన గింజలు వండుకు తింటున్నామని మాత్రం మాలో ఎవరికీ తట్టలేదు.

తట్టింది మా అమ్మకు. అప్పటికి ఒక ఆవు కరువులో పోయింది, ఇంకొకటి గొడ్డుపోయింది. మిగిలింది ఒక్క ముసలావు. అది చూలుతో ఉంది. అమ్మ ఒకరోజు దానికి చొప్ప వేస్తూ, ఇది కూడా పోతే ఈ కొట్టంలో ఇక దూడ అరుపు వినబడదు అంది. మామగారితో ఎదురుగా మాట్లాడే అలవాటు ఆమెకు లేదు, గోడతో చెప్పినట్టు చెప్పింది. జేజినాయన చేతిలోని పలుపు పక్కన పడేసి వచ్చి ముసలావు పొట్ట తడిమి చూశాడు. కోడెలు ఎన్నున్నా అవి దూడలను ఈనవని ఆయనకు ఆ రోజే తెలిసినట్టుంది.

ఆ ఆవులు ఆయన తల్లివి. ఆమె కాపురానికి వస్తూ పుట్టింటి నుంచి తోలుకొచ్చిన పెయ్య సంతతి. సంతలో ఇంకో ఆవును కొందామని నాయన అంటే, మా అమ్మ ఆవును సంతలో అమ్ముతాండారా అని అడిగాడు జేజినాయన. నాయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. మరి పోనీ, మీ చెల్లెలి ఇంట్లో మన పెయ్య సంతతి ఉంది కదా అని అమ్మ నాయన చెవిలో వేసింది. అదీ కుదిరే పని కాదు. ఆడబిడ్డకు పసుపుకుంకుమల కింద ఇచ్చింది తిరిగి అడగడమంటే మా వైపు తల తీసేసినంత పని. అత్తే ఇస్తానన్నా పుచ్చుకునే మనిషి కాదు జేజినాయన.

ఇక ముసలావు కడుపే దిక్కయింది. చూలావు ఎడమవైపుకు ఒరిగి పడుకుంటే పెయ్య పుడుతుందని మా ఇంట్లో నమ్మకం. ఎటు పడుకుంటోందో చూసే పని నాకు అప్పగించారు. నేను ఎడమవైపే అని పరుగెత్తుకెళ్ళి జేజినాయనను పిలుచుకొచ్చేలోపు ఆ మహాతల్లి కుడివైపుకు తిరిగి తాపీగా నెమరు వేస్తుండేది. ఆయన మొహం వాడిపోయేది. చూడలేక ఒకరోజు దాన్ని నేనే ఎడమకు తోయబోయాను. తోకతో మొహాన ఒక్కటిచ్చింది.

కోడె పుట్టింది. నుదుట తెల్ల బొట్టుతో, పుట్టిన కాసేపటికే గెంతులేసే చక్కని కోడె. మా ఇంట్లో కోడె పుడితే బెల్లం బయటికి రాకపోవడం అదే మొదలు. అమ్మ జున్ను వండి పెడితే జేజినాయన ముట్టలేదు. అరుగు మీద కూర్చుని కొట్టం వైపు చూడకుండా రోజులు గడిపాడు. తిండి సగమైంది. తల్లి ఇచ్చినదాన్ని తన చేతులతోనే తుడిచేశానన్న దిగులు ఆయన్ని లోపలినుంచి తినేస్తోందని నాకప్పుడు తెలియదు. జేజినాయన చచ్చిపోతాడేమోనని మాత్రం భయమేసింది, దొంగచాటుగా ఏడ్చాను కూడా.

అలాంటప్పుడు ఒక ఉదయం మా మేనత్త హంద్రీ ఏరు దాటి నడిచి వచ్చింది. చేతిలో పలుపు, వెనకాల ఒక పెయ్య. అరుగు దగ్గరికి రాగానే, కాళ్ళు కూడా కడుక్కోకుండా, కష్టం చెప్పుకోవడం మొదలుపెట్టింది.

"నాయనా, మా కొట్టంలో అన్నీ పెయ్యలే అయిపోయినాయి. కాడికి జత లేక శానా అగచాట్లు పడతాండాం. నీ కొట్టంలో పుట్టిన కోడెకు సాటి యాడుండాది? దాన్ని నాకియ్యి. ఊరికే తీసుకోనులే, ఈ పెయ్యను ఈడ కట్టేసి పోతా."

జేజినాయన వెన్ను నిటారుగా అయింది. కూతురికి కోడె కావాల్సి వచ్చింది, ఇవ్వగలవాడు తానే. పాలు మరిచాక పంపిస్తానని అక్కడికక్కడే మాటిచ్చాడు. ఆ తర్వాత అరుగు దిగి, పెయ్య నుదుటి మీద చెయ్యి వేశాడు. సుడి కాస్త ఎడమకు జరిగి ఉంది. ఆయన తల్లి ఆవుకు కూడా అలాగే ఉండేదట. "మా అమ్మ ఆవే కదమ్మా ఇది" అన్నాడు. అమ్మ కొట్టం చాటుకు వెళ్ళి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ పూట ఆయన జొన్నరొట్టె అడిగి మరీ ఇంకొకటి వేయించుకున్నాడు. మా ఇంటి మీది నుంచి ఏదో బరువు దించినట్టయింది. నేను గంతులేస్తూ పెయ్యకు పచ్చి గరిక కోసుకొచ్చాను.

దూడ పాలు మరిచాక నాయనతోబాటు నేనూ దాన్ని తోలుకుని అత్త ఊరికి పోయాను. కొట్టంలోకి తొంగి చూస్తే కాలు పెట్టే సందు లేదు, అన్నీ కోడెలే. ఒక మూల ముసలిదొకటి, పడుచుదొకటి, రెండే ఆవులు. అత్తా, కోడెలు లేవన్నావే అని అడిగేశాను. నోరు మూయమన్నట్టు నా చెంప మీద చిన్నగా తట్టింది.

"ఇస్తా తీసుకో అంటే మీ జేజినాయన తీసుకునేటోడా పాపా? నాకియ్యి అంటే మాత్రం లేదనలేడు. ఇచ్చేది తప్ప ఆయనకు ఇంకోటి తెలీదు."

ఇంటికొచ్చాక నేను ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. మా పెయ్య పెద్దదై ఈనినప్పుడు పెయ్యే పుట్టింది. జేజినాయన పెయ్య పుట్టినందుకు బెల్లం పంచాడని ఊరంతా నవ్వుకున్నారు, ఆయన వాళ్ళకంటే గట్టిగా నవ్వాడు. ప్రతి ఆవు తొలి పెయ్యా ఇంటిదే, గడప దాటకూడదని అప్పుడు పెట్టిన నియమం మా ఇంట్లో పశువులున్నన్నాళ్ళూ నడిచింది.

పశువులు పోయి చాలా ఏళ్ళయింది. నాకు మిగిలింది అత్త నేర్పిన విద్య. ఇప్పటికీ ఎవరికైనా ఏదైనా ఇవ్వాలంటే ముందు వాళ్ళను నేనే ఏదో ఒకటి అడుగుతాను. తీసుకోవడం మాత్రం, జేజినాయన మనవరాలిని కదా, సరిగా రాలేదు. నా కూతురు వచ్చినప్పుడల్లా నీ చేతి గోంగూర పచ్చడి లేకపోతే మా ఇంట్లో ముద్ద దిగడం లేదంటుంది. డబ్బా నిండా పెట్టిస్తాను. కూతురు వెళ్ళాక చూస్తే నా దిండు పక్కన నెలకు సరిపడా మందులుంటాయి. దాని ఇంట్లో ఎవరూ పచ్చడి ముట్టరని నాకు తెలుసు. తెలిసినట్టు కనబడను. ఆ రోజు అరుగు దిగిన జేజినాయనకూ అంతా తెలిసే ఉంటుందని ఈమధ్య అనిపిస్తోంది.