తలుపు పక్క బల్ల

దర్జీ కొట్టులో ఆమెను అందరూ కాజాలక్క అంటారు. ఇరవై రెండేళ్లుగా కిటికీ పక్కన కూర్చుని చొక్కాలకు కాజాలు కుడుతోంది.

మూడేళ్ల క్రితం భర్తకు గుండె ఆపరేషన్ అయింది. వారానికి మూడు రోజులు, పన్నెండు వారాలు, ఆసుపత్రి వ్యాయామం గదికి రావాలన్నాడు డాక్టరు. ముప్పై ఆరు సార్లూ ఆమె వెంట వెళ్లింది. తలుపు పక్క బల్ల మీద తువ్వాలు, నీళ్ల సీసా, మాత్రల డబ్బా పట్టుకుని కూర్చుంది. ముందు భుజాలు తిప్పాలి. తర్వాత మడమలెత్తాలి. ఆ తర్వాత ట్రెడ్‌మిల్. నడుస్తూ మాట్లాడగలగాలి, మాట ఆగిందంటే వేగం ఎక్కువైనట్టు. భర్త మాట ఒక్కరోజూ ఆగలేదు. ఆమె మీద ఫిర్యాదులు చెబుతూ ముప్పై ఆరు రోజులూ నడిచాడు. ఇంట్లో అయితే ఆమె ఎదురుగా నిలబడి చేసి చూపిస్తే తప్ప చెయ్యి లేపేవాడు కాదు.

ఈ ఏడాది ఆమెకు గుండెపోటు వచ్చింది. స్టెంటు వేశారు. అదే డాక్టరు అదే చీటీ రాశాడు.

"ఇది మానేస్తే మళ్లీ వస్తుందమ్మా. రెండోసారి ఇంత తేలిగ్గా పోదు," అన్నాడు.

"నీకన్నీ వచ్చు కదే," అన్నాడు భర్త. "అక్కడ వ్యాయామం చేయించే ఫిజియోకి నువ్వే పాఠం చెప్తావు. మళ్లీ మొదటి నుంచీ ఎందుకు?"

చూడటానికొచ్చిన ఆడపడుచు అందుకుంది. "పొద్దున్న లేస్తే బొంగరంలా తిరుగుతూనే ఉంటావు వదినా. అన్నయ్యంటే కుర్చీ దిగని మనిషి. నీకేం తక్కువైందని?"

ఆమె వినలేదు. ఒక్కతే వెళ్లింది.

"ఏదో ఒకటి మాట్లాడండమ్మా, నేను వినాలి," అన్నాడు ఫిజియో.

ట్రెడ్‌మిల్ మీద ఆమెకు మాట రాలేదు. ఊపిరి చాలక కాదు. ఏం చెప్పుకోవాలో తెలియలేదు. అంతలో ఫోను మోగింది.

"నా కళ్లజోడు ఎక్కడ పెట్టావు?"

ఏ గదిలో, ఏ అరలో, దేని వెనకో నడుస్తూనే చెప్పింది.

"భేష్, మాట తడబడలేదు," అని ఫిజియో కాగితం మీద రాసుకున్నాడు.

ఆ రోజు ఆమె ఇంటి మెట్లు మధ్యలో ఆగకుండా ఎక్కింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

రెండోసారి బయల్దేరుతుంటే భర్త ఛాతీ పట్టుకున్నాడు. తీరా చూస్తే గ్యాసు. మూడోసారి ఆడపడుచు ఇంట్లో చుట్టాలు, సాయానికి రమ్మంది. నాలుగోసారి కుళాయి బాగుచేసేవాడు వస్తాడన్నారు.

"వాడితో మాట్లాడటం నా వల్ల కాదు," అన్నాడు భర్త. కుళాయి మనిషి రానేలేదు.

ఐదోసారి వెళ్లేసరికి ఆమె ట్రెడ్‌మిల్ మీద లావుపాటి మనిషి ఒకడు నడుస్తున్నాడు.

"వరసగా మూడుసార్లు రాకపోతే వేరేవాళ్లకిచ్చేస్తామమ్మా," అన్నాడు ఫిజియో. "అయినా ఫోన్ చేశాను. మీవారు ఎత్తారు. దగ్గరుండి ఇంట్లోనే చేయిస్తున్నాను, ఇక రాదు అన్నారు. ఎంత శ్రద్ధండీ ఆయనకి!"

"మళ్లీ ఎప్పుడిస్తారు?"

"చాలామంది ఉన్నారు. ఆరు నెలలు పట్టచ్చు."

ఆమె కాళ్లు వాటంతటవే తలుపు పక్క బల్ల దగ్గరికి వెళ్లాయి. అక్కడ కూర్చున్న ఒకావిడ ఒళ్లోకి తువ్వాలు లాక్కుని చోటిచ్చింది.

"మీవారు ఏ మిషను మీదున్నారండీ?"

"నేనే పేషెంటుని."

ఆవిడ ఆ లావుపాటి మనిషి వైపు చూసి నవ్వింది. "మా ఆయన్ని చూస్తుంటే నేనూ అలాగే అనుకుంటానండీ. రాత్రికి నా కాళ్లే లాగుతాయి."

లావుపాటి మనిషి అందాకా ఎవరినో తిడుతున్నవాడు, ఊరుకున్నాడు. మెడ ఎర్రబడింది. ఫిజియో కిటికీ దగ్గర ఎవరితోనో మాట్లాడుతున్నాడు.

"మీ ఆయన మాట ఆగిపోయింది," అంది కాజాలక్క. "వేగం తగ్గించమనండి, త్వరగా."

ఆవిడ పరుగెత్తింది. పోతూ పోతూ తువ్వాలు ఆమె చేతిలో పెట్టింది.