తమ్ముడికి ఇచ్చి నాకు ఇవ్వనిది

ఈ సంగతి నేను చెప్పుకోని క్రైస్తవుడు రోజ్ బెల్ చుట్టుపక్కల లేడు. చివరిదాకా విన్నవాడూ లేడు. ఒకరు తర్వాత రమ్మన్నారు, ఒకరు ప్రార్థన చేసుకోమన్నారు. మా గుడి ఉపదేశిగారైతే నేను నోరు తెరవగానే గొడుగు అందుకునేవారు. నోటితో చెబితే వినరని తెలిసింది కనుక రాస్తున్నాను.

మా నాన్న విశాఖపట్నం వైపు నుంచి ఈ దీవి చెరకు తోటల్లో కూలికి ఓడెక్కి వచ్చినవాడు. రామభజన, అమ్మోరి పండుగ ఆయన వెంటే వచ్చాయి. మా ఇంట్లో క్రైస్తవుల గుడి గడప మొదట తొక్కింది నేను. ఉపదేశిగారు తెలుగువారే, ఆయన దగ్గరే అక్షరాలు దిద్దాను. గాలివానకు గుడి కప్పు లేచిపోతే చెరకు ఆకు కట్టలు మోసి మళ్ళీ కప్పింది నేను. ఆదివారం పూట పాఠం చదివిందీ నేనే. అయినా నాకు బాప్తిస్మం ఇవ్వలేదు. నమ్ముతున్నావా అని అడిగినప్పుడు ఉన్నమాట చెప్పాను, నమ్మాలని ఉందని. నమ్మకం కుదిరాక రమ్మన్నారు. అది ఎలా కుదురుతుందని అడిగాను.

“విశ్వాసం మనం సంపాదించేది కాదు నాయనా, ఆయన ఇచ్చేది” అన్నారు.

ఇచ్చేవాడు ఇస్తాడు కదా అని కూర్చున్నాను.

ఆ రోజుల్లో మా తమ్ముడు నన్ను చూసి నవ్వేవాడు. గుడిని వాడు ఈ దీవి మనుషులు మాట్లాడే క్రియోలులో లెగ్లీజు అనేవాడు. “మీ లెగ్లీజులో పెసాదం గూడా ఎట్టరంట. ఎందుకెల్తావన్నా?” అని మేముండే కూలీల కాంపులో అందరి ముందూ అడిగేవాడు. వాడు రామభజన మనిషి. దీపస్తంభం చుట్టూ తాళాలు వేస్తూ పొద్దస్తమానం తిరిగినా వాడి కాళ్ళు అలిసేవి కావు.

ఒక ఆదివారం మధ్యాహ్నం వాడు పక్క కాంపులో భజన ముగించుకుని వస్తుంటే కుండపోతగా వాన పట్టింది. తడవకుండా మా గుడిలోకి దూరాడు, నేను కప్పిన కప్పు కిందికి. మబ్బుకు లోపలంతా చీకటిగా ఉంటే ఉపదేశిగారు దీపం నేల మీద నడుమ పెట్టించి కీర్తన పాడిస్తున్నారు. దీపం కనబడేసరికి వాడు అలవాటు కొద్దీ నడుముకు కట్టుకున్న తాళాలు తీశాడు. అడుగులు వేస్తూ దీపం చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. మా కీర్తనలో మాటలు వాడికి రావు. వరుస వరుసకూ చివరి మాట మాత్రం అందుకుని భజన పాడినట్టే పాడాడు. జనం నవ్వారు. నేనూ నవ్వాను, ఇప్పుడు గెంటేస్తారని. ఉపదేశిగారు చెయ్యెత్తి నవ్వేవాళ్ళను ఆపారు. తమ్ముడు తిరిగి తిరిగి, ఉన్నచోటే కూలబడి ఏడ్చాడు.

ఇంటికి పోతూ దారిలో ఏమైందిరా అని అడిగాను.

“ఏటో తెల్దన్నా. గుండెల మీద ఎవులో సెయ్యేసినట్టుంది.”

“నువ్వేం చేశావు? ముందు ఏం అనుకున్నావు?”

“నానేటీ సెయ్యనేదన్నా. వానొచ్చిందని లోపలికొచ్చేను. అంతే.”

ఆ ‘అంతే’ అన్న మాటకు వాణ్ణి ఈనాటికీ క్షమించలేదు.

కొద్ది రోజులకే వాడికి బాప్తిస్మం అయింది. ఇత్తడి పళ్ళెంలోకి నీళ్ళు మోసుకొచ్చింది నేనే. వాడి మొహం చూసి నా భార్య కూడా నమ్మింది, బాప్తిస్మం తీసుకుంది. ఇన్నేళ్ళు నాతో కాపురం చేసినది, నా మొహంలో కనబడనిది వాడి మొహంలో చూసింది. అప్పటి నుంచి, బాప్తిస్మమైనవాళ్ళకే రొట్టె ఇచ్చే ప్రభువు బల్ల దగ్గర నా భార్య, తమ్ముడు పక్కపక్కనే మోకరించేవాళ్ళు. నేను తలుపు దగ్గర, గొడుగుల పక్కన. ఇంటికి వచ్చాక ఆమె మొహం కడిగిన పళ్ళెంలా ఉండేది. నాకు అన్నం వడ్డిస్తున్నా ఆమె ఇంకెక్కడో తిని వచ్చిన మనిషిలాగే తోచేది.

ఒక పగలు ఎవరూ లేనప్పుడు తమ్ముడి తాళాలు తీసుకుని గుడికి వెళ్ళాను. దీపం నేల మీద పెట్టి, వాడు తిరిగినట్టే తిరిగాను. కాళ్ళు నొప్పి పుట్టాయి. గుండె మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదు. వాకిలి దగ్గర నా భార్య నిలబడి చూస్తోంది. నవ్వి ఉంటే బాగుండేది.

“పిలవని పేరంటానికొచ్చినోడికి తాంబూలమిచ్చేరని కుళ్ళిపోతన్నావు నువ్వు,” అంది.

“పిలిచినవాడికి ఎందుకివ్వలేదో అది చెప్పు.”

“ఒక్క మాటే గదయ్యా. నమ్ముతన్నానని అనేసి నా పక్కకొచ్చీరాదా?”

అనేయవచ్చు. ఆ బల్ల దగ్గరే అబద్ధం ఆడి, ఆమె పక్కన మోకరించి, ఆమె మొహంలోకి ఎలా చూడను? అనలేదు.

ఆ తర్వాతి ఆదివారం ఆరాధన కాగానే ఉపదేశిగారు నన్ను పక్కకు పిలిచారు. నా భార్యే చెప్పి ఉంటుంది. “ఆయన పిలుస్తూనే ఉన్నాడు. నీ హృదయం నువ్వే మూసుకున్నావు నాయనా” అన్నారు.

“ఇచ్చేది ఆయనన్నారు. ఆయన ఇవ్వకపోతే, నేను తీసుకోలేదని నేరం నా మీద ఎలా వేస్తారయ్యగారూ?”

ఆయన ఆకాశం చూశారు. మోకా కొండల వైపు మబ్బు పట్టిందన్నారు. గొడుగు తీసుకున్నారు.

తమ్ముడు ఇప్పుడు గుడి పెద్ద. కొత్తగా వచ్చినవాళ్ళకు వాన కథ చెబుతాడు. అందులో కప్పు ఎవరు కప్పారో చెప్పడు. నా భార్య జుట్టు నెరిసింది. ఇప్పటికీ వాడి పక్కనే మోకరిస్తుంది, నేను గొడుగుల పక్కనే కూర్చుంటాను.

ఉపదేశిగారూ, మీరు పని మానుకుని సెయింట్ పియర్‌లో ఉంటున్నారని తెలుసు. మీకిప్పుడు తీరిక ఉంది. ఎవరికివ్వాలో ఆయన ఇష్టమే అయితే నా మీద వేసిన నేరం తీసేసి, నన్ను నా భార్య పక్కన మోకరించనివ్వండి. అదంతా నా చేతిలోనే ఉందంటారా, నేను చెయ్యకుండా వదిలింది ఏమిటో చెప్పండి. ప్రార్థన చేసుకోమనకండి, చేశాను. వాన వస్తోందని అనకండి. ఏదో ఒకటి, నా మొహం చూసి జవాబు చెప్పండి.